పాత కార్ల ఫ్రేమ్‌పై గుర్తింపు సంఖ్య: స్థానాలు, శోధన, ప్రామాణ్యం

నిర్వచనం, పరిధి

కారు బరువునంతా మోసే ఉక్కు చట్రం ఫ్రేమ్. బండి పొడవునా సాగే రెండు దూలాలు, వాటిని కలిపే అడ్డదూలాలు ఇందులో ప్రధాన భాగాలు. తయారీదారు ప్రతి బండికీ విడిగా ఒక సంఖ్య కేటాయించి ఈ చట్రం మీద పంచ్‌తో కొట్టేవాడు, లేదా ప్లేటు మీద ముద్రించి రివెట్లతో బిగించేవాడు. దానినే ఫ్రేమ్ సంఖ్య అంటారు. మన ఆర్.సి. పుస్తకాల్లోనూ మెకానిక్కుల మాటల్లోనూ దీని పేరు ఛాసిస్ నంబర్. అయితే ఛాసిస్ అనే మాటకు విస్తృతార్థం కూడా ఉంది. ఫ్రేముకు ఇంజన్, గేర్‌బాక్స్, ఇరుసులు, స్టీరింగ్ అమర్చి, బాడీ ఎక్కించని దశలో ఉన్న బండిని కూడా ఛాసిస్ అనే పిలుస్తారు. అందువల్ల కొన్ని కంపెనీల బండ్లలో ఛాసిస్ సంఖ్య వేరు, ఫ్రేమ్ ఉక్కు మీది సంఖ్య వేరు. ఆల్సేస్‌లోని మోల్‌షైమ్‌లో తయారైన బుగాటి కార్లలో బండి సంఖ్యను ఇంజన్ క్రాంక్‌కేసు వెనుక కాలు మీద కొట్టేవారు. ఫ్రేముకు మాత్రం వెనుక అడ్డదూలం మీద మరో వరుస సంఖ్య ఉండేది. ఈ రెండూ సరిపోలలేదని బండిని అనుమానించడం తప్పు.

వింటేజ్ అనే మాటను బ్రిటన్‌లో కచ్చితంగా 1919-1930 మధ్య తయారైన కార్లకే వాడతారు. లోకవ్యవహారంలో దాని అర్థం ఇంకా విశాలం. బాడీకి విడిగా ఫ్రేమ్ ఉండి, సంఖ్యల విషయంలో అంతర్జాతీయ పద్ధతి ఇంకా స్థిరపడని కాలపు బండ్లన్నీ ఈ వ్యాస పరిధిలోకి వస్తాయి. అలాంటి బండి విషయంలో సంఖ్య ఎంత అన్నది సగం సమాచారమే. అది ఏ చోట పడింది, ఏ పద్ధతిలో పడింది, బండిలోని మిగతా గుర్తులతో పొసగుతుందా అన్నది మిగతా సగం. స్థానాన్ని సాక్ష్యంగా చదవనివారికి చేతిలో మిగిలేది కొన్ని అంకెలే.

చరిత్ర

తొలినాటి తయారీదారులకు సంఖ్య ఒక లెక్క మాత్రమే. ఏ బండి ఏ రోజున గేటు దాటిందో, దానికి ఏ భాగాలు పంపాలో తెలుసుకోవడానికి పుస్తకంలో రాసుకున్న వరుస అది. ఎం.జి. కార్ల ఛాసిస్ వరుసలు 0251తో మొదలవడం ఇందుకు మంచి నిదర్శనం. ఏబింగ్‌డన్‌లోని ఆ కర్మాగారపు టెలిఫోన్ నంబరు 251. ఇంటివాడుకకు పుట్టిన సంఖ్యను ఎక్కడ కొట్టాలన్నది కూడా ఎవరికి వారు తేల్చుకున్నదే. ఒకరికి ఇంజన్ దిమ్మ అనువైన చోటు, మరొకరికి ఫ్రేమ్ ముందు కొమ్ము, ఇంకొకరికి ఇంజన్ గదికీ కూర్చునే గదికీ మధ్య ఉండే తడిక.

ఫోర్డ్ మోడల్ టి ఈ తేడాకు అతి పెద్ద ఉదాహరణ. ఒకటిన్నర కోటి బండ్లు తయారైన ఈ మోడల్‌కు తన కాలంలో చాలాభాగం ఫ్రేమ్ మీద సంఖ్యే లేదు. ఇంజన్ ఎడమ పక్కన, నీళ్ళు లోపలికి వెళ్ళే గొట్టానికి పైన కొట్టిన ఇంజన్ సంఖ్యే బండి సంఖ్య. చివరి రెండేళ్ళ మోడళ్ళలో అదే సంఖ్యను ఫ్రేమ్ కుడి దూలం పైభాగాన, నేలచెక్కల కింద కొట్టడం మొదలుపెట్టారు. కనుక 1915 నాటి మోడల్ టి ఫ్రేమ్‌ను గీకి గీకి సంఖ్య దొరకలేదని బాధపడనక్కర్లేదు. అక్కడ సంఖ్య దొరికితేనే ఆలోచించాలి.

దొంగతనాలు పెరిగాక సంఖ్య చట్టం దృష్టిలో పడింది. అమెరికాలో బీమా సంస్థల ప్రోద్బలంతో 1912లోనే వాహన చోరీల మీద పనిచేసే సంస్థ ఏర్పడింది. దొంగిలించిన కారును రాష్ట్రం దాటించడాన్ని 1919లో డయ్యర్ చట్టం ఫెడరల్ నేరం చేసింది. అయినా పలు అమెరికన్ రాష్ట్రాలు 1950 దశకం దాకా బండి యాజమాన్య పత్రంలో ఇంజన్ సంఖ్యనే రాస్తూ వచ్చాయి. ఇంజన్ మారినప్పుడల్లా కాగితానికీ బండికీ పొత్తు చెడడం అప్పటి నుంచీ వస్తున్న చిక్కు. 1969 నుంచి అమెరికాలో కార్ల సంఖ్య ముందు అద్దంలోంచి బయటికి కనబడాలన్న నియమం వచ్చింది. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 3779 రూపం 1977లో వెలువడింది. 1981 మోడల్ సంవత్సరం నుంచి అమెరికా 17 అక్షరాంకెల సంఖ్యను తప్పనిసరి చేసింది. ఒకటి, సున్నాలతో పొరబడకుండా ఇందులో ఐ, ఓ, క్యూ అక్షరాలను వదిలేశారు. దేశం, తయారీదారు, మోడల్, సంవత్సరం అన్నీ ఆ సంఖ్యలోనే ఉంటాయి. అంతకుముందు బండ్లలో ఈ సమాచారం సంఖ్యలో కొంతే ఉంటుంది, మిగతాది సంఖ్య చుట్టూ ఉన్న ఉక్కులో వెతుక్కోవాలి.

స్థానాలు

వెతకడానికి ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. తయారీదారుల పుస్తకాల్లో ఎడమ, కుడి అనే మాటలు బండిలో ముందుకు తిరిగి కూర్చున్న మనిషి వైపు నుంచి చెప్పినవి. అమెరికన్ పుస్తకంలో డ్రైవరు వైపు అంటే ఎడమ, బ్రిటిష్ బండిలోనూ మన బండిలోనూ అదే మాటకు కుడి అని అర్థం. బానెట్ ముందు నిలబడి చూసేవారికి రెండూ తారుమారవుతాయి. ఈ చిన్న పొరపాటు వల్లే చాలామంది వేరే దూలాన్ని రుద్ది, సంఖ్య లేదని నిర్ధారణకు వస్తారు.

ఫోర్డ్ మోడల్ ఎ లో ఫ్రేమ్ సంఖ్య ఎడమ దూలం పైముఖాన, డ్యాష్ తడికకు దగ్గరలో ఉంటుంది. బాడీ సరిగ్గా దాని మీద కూర్చుంటుంది కాబట్టి బోల్టులు వదులు చేసి బాడీని కొద్దిగా ఎత్తితే తప్ప కనబడదు. ఇంజన్ మీది సంఖ్యకు ముందూ వెనకా నక్షత్రం గుర్తు ఉంటుంది. ఈ వరుసలో మొదటి ఇంజన్ సంఖ్యను 1927 అక్టోబరు 20న హెన్రీ ఫోర్డ్ స్వయంగా కొట్టాడు. 1932లో వచ్చిన ఫోర్డ్ వి-8 లో ఇంజన్ దిమ్మ మీద సంఖ్య కొట్టడం మానేసి క్లచ్ గూడు పైన కొట్టారు. ఫ్రేమ్ ఎడమ దూలం పైన మాత్రం మూడు చోట్ల వేశారు: ముందు అడ్డదూలం దగ్గర ఒకటి, బాడీ ముందుభాగం కింద మరొకటి, వెనుక మూడోది. 18 అన్న అంకె, అడ్డగీత, ఆ తర్వాత వరుస సంఖ్య దాని రూపం. ముందు ముద్ర తుప్పుకూ ప్రమాదాలకూ తొందరగా గురవుతుంది. మధ్యది బాడీ కింద దాగి ఉండి ఎక్కువకాలం నిలుస్తుంది. మూడూ ఉన్నాయని తెలిసినవారు ఒకటి చెరిగినా నిరాశపడరు. ఒకటి మార్చిన బండిని పట్టుకోవడానికి మిగతా రెండూ పనికొస్తాయి.

బ్రిటిష్ బండ్లలో ఫ్రేమ్ ముందు కొమ్ములు తరచుగా వాడిన చోటు. స్ప్రింగుల ముందు కొసలను పట్టే ఈ కొమ్ములను అక్కడ డంబ్ ఐరన్ అంటారు. ఎం.జి. టి.సి. సంఖ్య ఎడమ కొమ్ము బయటివైపు ఉంటుంది. జాగ్వార్ ఇ-టైప్‌కు పూర్తి ఫ్రేమ్ లేదు, బాడీకి ముందు బిగించిన గొట్టాల చట్రం మాత్రమే ఉంది. అందులో కుడివైపు షాక్ అబ్జార్బర్ పైన ఉన్న అడ్డభాగం మీద సంఖ్య కొట్టారు. ఫోక్స్‌వాగన్ బీటిల్‌లో వెనుక సీటు ఎత్తితే నేల మధ్యగా సాగే సొరంగం మీద కనబడుతుంది. ఫెరారీ విషయంలో సంఖ్య ఇంకో సమాచారమూ ఇస్తుంది. చాలాకాలం రోడ్డు కార్లకు బేసి సంఖ్యలు, పోటీ కార్లకు సరి సంఖ్యలు వేయడం ఆ సంస్థ అలవాటు.

ఫ్రేమ్ మీద దొరికిన ప్రతి అంకెనూ గుర్తింపు సంఖ్య అనుకోకూడదు. చాలామంది కార్ల తయారీదారులు ఫ్రేమ్‌ను బయటి సంస్థల నుంచి కొనేవారు. మిల్వాకీలోని ఎ.ఓ. స్మిత్ సంస్థ 1921లో నెలకొల్పిన యాంత్రిక కర్మాగారం రోజుకు సుమారు 10,000 ఫ్రేములు తయారుచేయగలిగేది. ఇలా వచ్చిన ఫ్రేముల మీద భాగం సంఖ్యలు, తేదీ గుర్తులు ఉండడం సహజం. పోతపోసిన భాగాల మీద ఉబ్బెత్తుగా లేచిన అంకెలు అచ్చులోంచి వచ్చినవి, ఆ రకం భాగాలన్నిటి మీదా అవే ఉంటాయి. ఒక్క బండికే చెందిన సంఖ్య సాధారణంగా లోపలికి దిగి ఉంటుంది.

స్థానం సాక్ష్యమయ్యే తీరు: యుద్ధకాలపు జీపు

స్థానమే సగం సాక్ష్యమన్న మాటకు రెండో ప్రపంచ యుద్ధంనాటి జీపును మించిన ఉదాహరణ లేదు. ఒకే నమూనాను రెండు సంస్థలు తయారుచేశాయి. విల్లీస్ వారిది ఎం.బి., ఫోర్డ్ వారిది జి.పి.డబ్ల్యు. భాగాలు ఒకదానివి ఇంకొకదానికి సరిపోవాలన్నది సైన్యం షరతు. అందువల్ల పైకి చూస్తే రెండూ ఒకటే. సంఖ్య విషయంలో మాత్రం ఎవరి అలవాటు వారిదే. విల్లీస్ సంస్థ ఎడమ దూలం లోపలి ముఖాన, ముందు బంపరు వెనుక, చిన్న ప్లేటు రివెట్లతో బిగించింది. ఫోర్డ్ తన పాత పద్ధతిలోనే ఎడమ దూలం పైముఖాన నేరుగా ఉక్కు మీద కొట్టింది. ఫ్రేమ్ నిర్మాణంలోనూ తేడా ఉంది. విల్లీస్ ముందు అడ్డదూలం గుండ్రటి గొట్టం, ఫోర్డ్‌ది పలకలుగా వంచిన ఉక్కు.

ఈ మూడు సంగతులు తెలిస్తే సంఖ్య చదవకముందే బండి గురించి కొంత తెలిసిపోతుంది. గొట్టం అడ్డదూలం ఉన్న ఫ్రేమ్ మీద, ఎడమ దూలం పైన జి.పి.డబ్ల్యు. అక్షరాలతో సంఖ్య కనబడితే ఆ సంఖ్య ఎంత శుభ్రంగా ఉన్నా అక్కడ పుట్టినది కాదు. గొట్టం అడ్డదూలం ఉండి, లోపలి ముఖాన రెండు రివెట్ల రంధ్రాలు మాత్రమే మిగిలితే అది ప్లేటు పోగొట్టుకున్న విల్లీస్. దాని దూలం మీద కొట్టిన సంఖ్య కోసం వెతకడం వృథా శ్రమ. ఇంజన్ సంఖ్యలోనూ ఇదే తేడా పనిచేస్తుంది. ఫోర్డ్ జీపు కర్మాగారం నుంచి వచ్చినప్పుడు ఇంజన్ సంఖ్య, ఫ్రేమ్ సంఖ్య ఒకటే. విల్లీస్‌లో ఆ రెండూ వేర్వేరు వరుసలు. ఈ సంగతి తెలియనివారు ఎం.బి. బండిలో రెండు సంఖ్యలు కలవలేదని తప్పు పడతారు, కలిస్తే సంతోషిస్తారు. నిజానికి అనుమానించవలసింది కలిసినప్పుడే. యుద్ధరంగంలో మరమ్మతు కేంద్రాలు ఇంజన్లను రోజూ మార్చాయి కాబట్టి జి.పి.డబ్ల్యు.లో సంఖ్యలు కలవకపోయినా మోసమని తేల్చలేం. డ్యాష్‌బోర్డు మీది ప్లేటులోనూ బండి సంఖ్య, సైన్యానికి అప్పగించిన తేదీ ఉండేవి. అలాంటి ప్లేట్లు ఇప్పుడు కొత్తగా తయారై అమ్ముడవుతున్నాయి గనుక వాటి సాక్ష్యం ఉక్కు మీది ముద్ర కంటే తేలికైనది.

బయటపెట్టే పద్ధతి

సంఖ్య ఉండవలసిన చోటు తేలాక, దానిమీది పొరలను తీయడం ఓపికతో చేయవలసిన పని. ఎనభై తొంభై ఏళ్ళ గ్రీజు, మట్టి, రంగు, తుప్పు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. కిరోసిన్‌తో గ్రీజు, పెయింట్ రిమూవర్‌తో రంగు తీసి, ప్లాస్టిక్ లేదా చెక్క గీకుడుపుల్లతో మిగతాది తీస్తే ముద్ర చెడదు. గ్రైండరు, ఇసుక బ్లాస్టింగ్, ముతక సాన కాగితం ఇక్కడ వాడకూడదు. పంచ్ దిగిన లోతు ఎక్కువ ఉండదు, యంత్రం కొన్ని క్షణాల్లోనే దాన్ని చెరిపేస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. గ్రైండరు ఆనవాలు ఉన్న ఉపరితలాన్ని చూసి తర్వాత వచ్చే పరీక్షకుడు సంఖ్యను కావాలనే చెరిపారని అనుకోవచ్చు. బండి నిజాయితీని నిరూపించాలనుకున్న పనే దానికి మచ్చగా మిగులుతుంది.

శుభ్రమయ్యాక చీకట్లో టార్చిని ఉపరితలానికి దాదాపు సమాంతరంగా పట్టి వెలుగు వేస్తే పల్లాల్లో నీడలు పడి అంకెలు లేస్తాయి. సుద్దపొడి రుద్ది పైది తుడిచేస్తే గాళ్ళలో తెల్లగా నిలుస్తుంది. పల్చటి కాగితం పరిచి పెన్సిల్ రుద్దితే ముద్ర కాగితం మీదికి వస్తుంది. మన ఆర్టీవో కార్యాలయాల్లో పెన్సిల్ ప్రింట్ అనేది ఇదే. ఫోటో కంటే ఈ ప్రింటుకు ఒక మేలు ఉంది. అంకెల అసలు కొలత, వాటి మధ్య ఎడం, వరుస వంకర కాగితం మీద ఉన్నదున్నట్టు నిలుస్తాయి. అదే మోడల్ ఇంకో బండి ప్రింటుతో పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు.

పోల్చవలసింది అంకెల ఆకారం. చేత్తో ఒక్కొక్క పంచ్ పట్టి సుత్తితో కొట్టిన కాలంలో వరుస కొద్దిగా పైకీ కిందకీ పోవడం, ఒక అంకె లోతుగా మరొకటి తేలికగా పడడం మామూలే. ఒకే కర్మాగారంలో ఒకే కాలపు బండ్ల మీద నాలుగు అంకె తెరిచి ఉందా మూసి ఉందా, మూడు అంకె తల గుండ్రమా పలకా అన్నవి ఒకే తీరులో ఉంటాయి. తీర్చిదిద్దినట్టున్న వరుస చూసి అసలుదని నమ్మడం, వంకర వరుస చూసి నకిలీ అనడం రెండూ తొందరపాటే.

చెరిగిన సంఖ్యలు

ముద్ర కంటికి కనబడనంతగా అరిగినా సమాచారం అంతా పోదు. పంచ్ దెబ్బకు అంకె అడుగున ఉన్న లోహపు స్ఫటికాలు నలిగి, కనబడే గాడి కంటే లోతు వరకు వాటి అమరిక మారుతుంది. ఉపరితలాన్ని నునుపు చేసి, రాగి క్లోరైడు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన ఫ్రై ద్రావణం పూస్తే నలిగిన లోహం, నలగని లోహం వేర్వేరు వేగాలతో కరుగుతాయి. అంకెల నీడ కొంతసేపు తేలుతుంది. అయస్కాంత రేణువుల పద్ధతి కూడా నలిగిన, నలగని లోహాల మధ్య తేడా మీదే నడుస్తుంది. ఇది ఫోరెన్సిక్ ప్రయోగశాలల పని. పోత ఇనుము మీద ఫలితం కష్టం. తుప్పు లోతుగా తిన్న ఫ్రేమ్‌లో నలిగిన పొరే పోయి ఉంటుంది కాబట్టి ఏ ద్రావణమూ దాన్ని తిరిగి తేలేదు. సంఖ్య చెరిపి అదే చోట కొత్తది కొట్టిన బండ్లలో ఈ పరీక్షకు కొన్నిసార్లు రెండు సంఖ్యలూ ఒకదాని మీద ఒకటి కనబడతాయి.

ఆక్షేపణలు, సమాధానాలు

ఫ్రేమ్‌కు ఇంత ప్రాధాన్యం ఎందుకని అడగవచ్చు. తుప్పు పట్టిన ఫ్రేమ్‌ను మార్చిన బండ్లున్నాయి, పోటీ కార్లలో ప్రమాదం తర్వాత మార్చడం ఆనవాయితీ. అలాంటప్పుడు ఫ్రేమ్ సంఖ్య బండి చరిత్రను చెప్పగలదా? ఈ ప్రశ్న 1990లో ఇంగ్లండ్ హైకోర్టు ముందుకే వచ్చింది. 1929, 1930 లెమాన్ పందేల్లో గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్, ఓల్డ్ నంబర్ వన్ అని పేరుపడ్డ కారు, కోటి పౌండ్ల ఒప్పందంపై వివాదంలో పడింది. పందెం రోజుల భాగాలు దానిలో చాలా తక్కువే మిగిలాయన్నది కొనుగోలుదారు వాదన. భాగాలు మారుతూ వచ్చినా బండి ఉనికి ఎక్కడా తెగలేదని, కనుక అది ప్రామాణికమైన ఓల్డ్ నంబర్ వన్నేనని న్యాయమూర్తి ఆటన్ తీర్పు చెప్పారు. అసలు భాగాలన్నీ ఉన్న బండి అని మాత్రం ఆయన అనలేదు. ఈ తీర్పు ఫ్రేమ్ సంఖ్యను తోసిపుచ్చడం లేదు. సంఖ్య ఒక్కటే చాలదని, మార్పుల క్రమానికి రాతపూర్వక సాక్ష్యం ఉండాలని చెబుతోంది. భాగం మారినప్పుడు ఎప్పుడు, ఎవరు, ఎందుకు మార్చారో తెలిస్తే ఉనికి నిలుస్తుంది. తెలియనిచోట ఫ్రేమే మిగిలిన గట్టి ఆధారం. బ్రిటన్‌లో తిరగకట్టిన బండ్లకు చాలాకాలం అనుసరించిన పాయింట్ల పద్ధతిలో అసలు ఛాసిస్‌కు 5 పాయింట్లు, ఇంజన్‌కు 1 మాత్రమే ఇచ్చిన కారణమూ ఇదే.

రెండో ఆక్షేపణ దీనికంటే బలమైనది. స్థానాలు, అంకెల ఆకారాలు పుస్తకాల్లో అచ్చయ్యాక మోసగాడికీ అవే తెలుస్తాయి కదా? నిజమే, ఒక స్థానాన్ని అనుకరించడం ఎవరికైనా సాధ్యం. అన్ని స్థానాలనూ, అడ్డదూలం ఆకారాన్నీ, ఇంజన్ వరుసనూ, కర్మాగారపు పుస్తకంలోని నమోదునూ ఒకదానికొకటి సరిపడేలా అనుకరించడం చాలా కష్టం. అందుకే ఒక్క ముద్రను నమ్మకూడదు, వాటి పొత్తునే చూడాలి. గేడన్‌లోని బ్రిటిష్ మోటారు పరిశ్రమ వారసత్వ ట్రస్టు వంటి సంస్థలు పాత కర్మాగార పుస్తకాల ఆధారంగా ధ్రువపత్రాలు ఇస్తాయి. ఆ పత్రం చెప్పేది అలాంటి సంఖ్యతో ఒక బండి తయారైందని. ముందున్న బండి అదేనని తేల్చే పని ఉక్కుదే.

చట్టం

సంఖ్యను తీయడం, మార్చడం అమెరికా ఫెడరల్ చట్టంలో నేరం. మరమ్మతుకు అవసరమై తీసినవారికి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. రాష్ట్రాల చట్టాలు అంత ఉదారంగా లేవు. 2017లో కాన్సస్ రాష్ట్ర పోలీసులు 1959 నాటి కార్వెట్ ఒకదాన్ని స్వాధీనం చేసుకున్నారు. పునరుద్ధరణ సమయంలో సంఖ్య ప్లేటు తీసి తిరిగి బిగించారన్నదే అభ్యంతరం. ప్రస్తుత యజమాని తప్పేమీ లేకపోయినా అప్పటి చట్టం ప్రకారం బండిని ధ్వంసం చేయవలసి ఉండింది. చివరికి 2022లో శాసనసభ చట్టాన్ని సవరించి, పాత బండ్ల పునరుద్ధరణకు ప్లేటు తీసి బిగించడాన్ని అనుమతించింది. ప్లేటుకు ఉన్న బలహీనత ఈ వివాదంలో బాగా తెలుస్తుంది. రివెట్లతో వచ్చినది రివెట్లతోనే పోతుంది. పునరుద్ధరణకు పూనుకునేవారు ప్లేటును కదిలించక ముందే ఫోటోలు, పెన్సిల్ ప్రింట్లు తీసుకోవడం, తీశాక పాత రివెట్లు భద్రపరచడం ఇందువల్ల అవసరమవుతోంది.

భారతదేశంలో

మన దేశానికి వచ్చిన పాత విలాస కార్లలో చాలా వాటికి రెండు జన్మస్థలాలు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రోల్స్‌రాయిస్ సంస్థ నడిచే ఛాసిస్‌ను మాత్రమే అమ్మేది, బాడీని వేరే సంస్థ కట్టేది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం సిల్వర్ ఘోస్ట్‌కు బార్కర్ సంస్థ బాడీ కట్టింది. ఇలాంటి బండ్లలో బాడీ కట్టిన సంస్థ ప్లేటు మీది సంఖ్య బాడీది మాత్రమే. బండి జాతకం ఛాసిస్ సంఖ్య కిందే కర్మాగారపు పుస్తకంలో నమోదై ఉంటుంది.

కేంద్ర రవాణా శాఖ 2021 జూలైలో మోటారు వాహన నిబంధనలకు చేసిన సవరణ వింటేజ్ బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన, వాణిజ్యానికి వాడని ద్విచక్ర, నాలుగు చక్రాల బండ్లకు ఇది వర్తిస్తుంది. రాష్ట్ర సంకేతం తర్వాత వి.ఎ. అక్షరాలతో కొత్త నంబరు వస్తుంది. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు, పునరుద్ధరణకు 5,000. ఛాసిస్‌లో గానీ, బాడీలో గానీ, ఇంజన్‌లో గానీ మార్పుతో కూడిన భారీ మరమ్మతు జరగకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఈ గుర్తింపు. దరఖాస్తుకు ముందు ఫ్రేమ్ సంఖ్యను పాత ఆర్.సి.తో పోల్చుకుంటే తేడా ఎక్కడుందో ముందే తెలుస్తుంది. పాత ఆర్.సి.లలో ఇంజన్ సంఖ్యను ఛాసిస్ గడిలో రాసిన సందర్భం ఎదురైతే అది గుమాస్తా పొరపాటు కాకపోవచ్చు. మోడల్ టి వంటి బండికి అప్పట్లో ఉన్న సంఖ్య అదొక్కటే.